ఎలక్ట్రానిక్ బిల్లులు - మన దుకాణములు

గడచిన రెండు నెలలుగా మన సంఘ కార్యాలయమునకు వచ్చిన జాబులలో సగమునకు పైగా ఒకే విషయమును గూర్చినవి. బడి విషయమునకును, సభాభవనపు చందాకును ఇప్పుడు రెండవ స్థానమే. బరంపురము నుండి, హోసూరు నుండి, షోలాపురము నుండి, యానాము నుండి మన వర్తక సోదరులు వ్రాసిన జాబులలో మాటలు వేరైనను ప్రశ్న ఒక్కటే: “ఈ ఎలక్ట్రానిక్ బిల్లు మాకు వర్తించునా? వర్తించినచో ఏమి చేయవలెను? ఇన్ని తరములుగా వాడిన బిల్లు పుస్తకమును ఇక మూట గట్టవలసినదేనా?” ఒక్కొక్కరికి విడిగా ప్రత్యుత్తరము వ్రాయుటకంటె ఈ వారపు సంపాదకీయమును దీనికే వినియోగించుట మేలని తలంచితిమి.

దేశమున జి.ఎస్.టి. 2017 జూలై 1న అమలులోనికి వచ్చినది. ఎలక్ట్రానిక్ బిల్లుల నిబంధన మాత్రము మెట్టు మెట్టుగా దిగివచ్చినది. 2020 అక్టోబరు 1న 500 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలై, 2021 జనవరి 1న 100 కోట్లకు, ఆ ఏటనే ఏప్రిల్ 1న 50 కోట్లకు, 2022 ఏప్రిల్ 1న 20 కోట్లకు, అక్టోబరు 1న 10 కోట్లకు, 2023 ఆగస్టు 1న 5 కోట్లకు చేరినది. మూడేండ్లు నిండకమునుపే హద్దు నూరవ వంతుకు దిగినది. 500 కోట్ల నాడు మనవారు ఆ వార్తను చదివి పత్రిక పుట త్రిప్పిరి. 5 కోట్లనగా నెలకు సుమారు 42 లక్షల అమ్మకము. నేటి ధరలలో అది ఒక మోస్తరు నూలు కొట్టు, ఒక ఇనుప సామానుల కొట్టు, ఒక బియ్యపు మండీ. అనగా ఆ నిబంధన ఇప్పుడు మన వీధిలోనికే వచ్చి మన అరుగుపై కూర్చున్నది.

ముందుగా ఇది ఏమో స్పష్టముగా తెలిసికొనవలెను. ప్రభుత్వపు కంప్యూటరు మనకు బిల్లు వ్రాసిపెట్టునని కొందరు భావించుచున్నారు. అది సరికాదు. బిల్లును మన దుకాణముననే, మన కంప్యూటరుననే మనమే తయారుచేయుదుము. ఆ బిల్లు వివరములను ప్రభుత్వము ఏర్పరచిన నమోదు పోర్టలుకు పంపవలెను. పోర్టలు వానిని పరీక్షించి, 64 అక్షరములును అంకెలును కలిసిన గుర్తింపు సంఖ్య నొకదానిని, దానితో ఒక క్యూఆర్ కోడును తిరిగి పంపును. ఆ సంఖ్యనే ఐ.ఆర్.ఎన్. అని వాడుక. అమ్మువాని జి.ఎస్.టి. నంబరు, బిల్లు నంబరు, పత్రము రకము, ఆర్థిక సంవత్సరము, ఈ నాలుగింటి నుండి ఆ సంఖ్య పుట్టును. కనుక ఒక ఏటిలో ఒక నంబరుతో ఒక్క బిల్లే ఉండగలదు. రద్దుచేసినను ఆ నంబరును మరల వాడరాదు.

వర్తకునికి వర్తకుడు అమ్మిన బిల్లులకు, ప్రభుత్వ శాఖలకు అమ్మిన వానికి, ఎగుమతులకు ఇది వర్తించును. ఆ అమ్మకములకు సంబంధించిన క్రెడిట్ నోటులు, డెబిట్ నోటులు కూడ ఇందులోనివే. ఇంటి వాడుకకు చీర కొనుటకు వచ్చిన గృహిణికి ఇచ్చు బిల్లుకు ఇది అక్కరలేదు. బ్యాంకులు, భీమా సంస్థలు, సరుకు రవాణా ఏజెన్సీలు మొదలగు కొన్నింటికి మినహాయింపు కలదు. అవి మన సభ్యులలో పెక్కుమందికి సంబంధించినవి కావు గనుక విడిచిపెట్టుచున్నాము.

ఇక 5 కోట్ల లెక్క. మన కుటుంబములు తరచుగా తడబడునది ఇచ్చటనే. ఒక దుకాణపు అమ్మకమును చూచి “మాకు మూడు కోట్లే” అని నిశ్చింతగా నుండరాదు. లెక్క పాన్ నంబరుపై దేశమంతటికి కలిపి వేయుదురు. బరంపురమున మూడు కోట్లు, విశాఖపట్టణమున రెండున్నర కోట్లు అమ్మకమున్న వర్తకునికి రెండు కొట్లు ఒకే పాన్ క్రింద నున్నచో మొత్తము అయిదున్నర కోట్లగును. రెండు చోట్లను ఎలక్ట్రానిక్ బిల్లు ఇయ్యవలసినదే. అన్నదమ్ములు వేరువేరు పాన్ నంబరులతో వేరువేరు వ్యాపారములు చేసినచో ఎవరి లెక్క వారిది. పన్ను లేని సరుకుల అమ్మకము కూడ ఈ మొత్తమున చేరును. పన్ను పడని విడి బియ్యము అమ్మువారు “మా సరుకునకు పన్నే లేదు, మాకేల?” అని అనుకొనుచున్నారు. ఆ బియ్యమునకు ఎలక్ట్రానిక్ బిల్లు అక్కరలేకున్నను, దాని అమ్మకము 5 కోట్ల లెక్కలో చేరును. అదే కొట్టులో అమ్మిన పన్ను సరుకునకు నిబంధన తగులును. వసూలు చేసిన జి.ఎస్.టి. మొత్తమును మాత్రము ఈ లెక్కలో కలుపనక్కరలేదు.

మరియొక మాట. చూడవలసినది నిన్నటి ఏడు మాత్రమే కాదు. 2017-18 నుండి గడచిన ఏ ఒక్క ఆర్థిక సంవత్సరమునందైనను 5 కోట్లు దాటియున్నచో నిబంధన వర్తించును. తరువాత వ్యాపారము తగ్గినదనుట సమాధానము కాదు. అట్లే, పోర్టలునందు మన పేరు కనబడలేదు గనుక మనకు బాధ్యత లేదనుటయు చెల్లదు. పేరు లేకున్నచో మనమే నమోదు చేసికొనవలెను.

సరిహద్దు వర్తకమును గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయన మనవారిలో అనేకుల జీవనము సరిహద్దుననే. రాష్ట్రముల గీతలు మన పెద్దలు స్థిరపడిన తరువాత వచ్చినవి. మన బేరములు ఆ గీతలను అడిగి సాగలేదు. ఇప్పుడు ప్రతి బిల్లును అడుగవలసివచ్చినది. జి.ఎస్.టి. నంబరులోని మొదటి రెండంకెలు రాష్ట్రమును తెలుపును: కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, ఒడిశాకు 21, మహారాష్ట్రకు 27, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. యానాము చుట్టును ఆంధ్రప్రదేశ్ ఉన్నను అది పుదుచ్చేరిలోని భాగము గనుక దాని సంకేతము 34. యానాము నుండి కాకినాడకు పంపిన సిమెంటు బస్తాలు, బస్సులో గంట ప్రయాణమంత దూరమే అయినను, చట్టము దృష్టిలో రాష్ట్రాంతర వ్యాపారము. ఐ.జి.ఎస్.టి. వేయవలెను. యానాము నుండి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరముననున్న కారైకాలుకు పంపినచో మాత్రము రాష్ట్రములోని అమ్మకము! ఇది మన యానాము సోదరులకు క్రొత్త విచిత్రము కాదు గాని, కాగితపు బిల్లుల నాడు పొరపాటు జరిగినను ఏడాది చివర ఆడిటరు సరిదిద్దెడివాడు. ఇప్పుడు పన్ను రకము తప్పినచో పోర్టలు అప్పటికప్పుడే బిల్లును త్రోసిపుచ్చును. లారీ వాకిట నిలిచియుండును. హోసూరు నుండి బెంగుళూరుకు, బళ్లారి నుండి అనంతపురమునకు, బరంపురము నుండి ఇచ్ఛాపురమునకు, రాయగడ నుండి పార్వతీపురమునకు సరుకు పంపువారందరికి ఇదే స్థితి. కనుక కొనువారి జి.ఎస్.టి. నంబరును వారి నమోదు పత్రము చూచి ఒక్కసారి సరిగా ఎక్కించుకొని ఉంచుకొనుట ఎంతయు అవసరము.

రాష్ట్రము దాటు సరుకు విలువ 50,000 రూపాయలు మించినచో ఈ-వే బిల్లు కూడ కావలెననుట అందరు నెరిగినదే. ఎలక్ట్రానిక్ బిల్లుతోనే ఆ వివరములను పంపి రెండును ఒకేమారు పొందవచ్చును.

నిబంధనను పాటింపకున్న ఏమగును? జరిమానా మాట తరువాత. కేంద్ర జి.ఎస్.టి. నిబంధనలలోని 48వ దాని 4వ భాగము ఎలక్ట్రానిక్ బిల్లును విధించినది. 5వ భాగము, అట్లు ఇయ్యని బిల్లు బిల్లే కాదని చెప్పినది. ఈ చిన్న వాక్యముననే అసలు ముప్పు దాగియున్నది. బిల్లు లేనిదే కొనిన వర్తకునికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. షోలాపురములో మన నూలు వర్తకుడొకడు ఒక మగ్గముల యజమానికి నాలుగు లక్షల నూలు అమ్మెననుకొందము. నూటికి 5 చొప్పున పన్ను 20,000 రూపాయలు. బిల్లుపై ఐ.ఆర్.ఎన్. లేనిచో ఆ 20,000 కొనినవాని చేతికి తిరిగి వచ్చుట సందేహము. అతడు మనతో జగడమాడడు. మర్యాదగా నమస్కరించి, వచ్చు నెల నుండి మరియొక కొట్టుకు పోవును. ముప్పదేండ్ల ఖాతా ఒక క్యూఆర్ కోడు లేక తెగిపోవును. మన చిన్న వర్తకులకు ఇదియే భయపడదగిన విషయమని మా అభిప్రాయము. జరిమానాను ఒకసారి కట్టి ఊరకుండవచ్చును. పోయిన ఖాతాదారుని ఏ రుసుము కట్టి తెచ్చుకొందుము?

జరిమానాయు తక్కువది కాదు. సరియైన బిల్లు లేక అమ్మినందుకు చట్టములోని 122వ సెక్షను క్రింద 10,000 రూపాయలు గాని, ఎగవేసిన పన్నుకు సమానమైన మొత్తము గాని, ఏది ఎక్కువైన అది. త్రోవలో లారీని పట్టుకొన్నచో, యజమాని ముందుకు వచ్చి విడిపించుకొనుటకు పన్నుకు రెండు రెట్లు చెల్లింపవలసియుండును.

గడువుల విషయము క్లుప్తముగా చెప్పెదము. తప్పు దొరలిన ఎలక్ట్రానిక్ బిల్లును పోర్టలునందు 24 గంటలలో రద్దుచేయవచ్చును. ఆ తరువాత క్రెడిట్ నోటే శరణ్యము. 10 కోట్లు, ఆపైన టర్నోవరు గలవారు బిల్లు తేదీ నుండి 30 దినములలో దానిని నమోదు చేయవలెనని 2025 ఏప్రిల్ 1 నుండి నియమము. దాటినచో పోర్టలు అంగీకరింపదు. అంతకు తక్కువ వారికి ఈ 30 దినముల కట్టు లేదు. అయినను సరుకు బయలుదేరుటకు ముందే సంఖ్య తీసికొనవలెను; నెలాఖరున కుప్పగా చేసెదమను వారు ఆ నెలంతయు బిల్లు కాని బిల్లులను పంచుచున్నారని గ్రహింపవలెను.

5 కోట్లు దాటని వారు కూడ ఇందలి మాటలను విడిచిపెట్టరాదు. వారు అమ్మునపుడు నిబంధన లేదు గాని, కొనునపుడు కలదు. పెద్ద కంపెనీ నుండి, పెద్ద డీలరు నుండి సరుకు దిగినపుడు బిల్లుపై ఐ.ఆర్.ఎన్., క్యూఆర్ కోడు ఉన్నవో లేవో చూచి దించుకొనవలెను. ఆ కోడును పరీక్షించుటకు ప్రభుత్వపు ఉచిత మొబైల్ యాప్ కలదు. అమ్మినవాని నంబరు, కొనినవాని నంబరు, బిల్లు తేదీ, మొత్తము విలువ అందులో కనబడును. కొట్టులో పదవ తరగతి చదివిన పిల్లవాడుండిన చాలును.

ఈ నిబంధనను మేము ద్వేషించువారము కాము. సరుకు లేకుండ బిల్లులు మాత్రము అమ్ముకొని బ్రతుకు మోసగాండ్ర వలన నిజమైన వర్తకుడు ఎంత నష్టపోయెనో మనకు తెలియును. తన బిల్లుపై తక్కువ ధర చూపగల దొంగ వ్యాపారితో మనము పోటీపడలేకపోతిమి. ప్రతి బిల్లు పుట్టిననాడే ప్రభుత్వపు పుస్తకములోనికెక్కినచో అట్టి వారికి కొంత అడ్డుకట్ట పడును. బిల్లుల వివరములు మన జి.ఎస్.టి.ఆర్-1 లోనికి తమంత తామే చేరుటయు ఒక సదుపాయమే. మన తాతలు చిట్టా, ఆవర్జాలను తెలుగున, తమ దస్తూరితో, ఒక్క కొట్టివేత లేకుండ వ్రాసిరి. లెక్కలో నిజాయితీ మనకు క్రొత్తగా ఎవరును నేర్పనక్కరలేదు. మన కొట్లలో ధాన్యము కొలుచునపుడు “ఒకటి” అనక “లాభము” అని మొదలిడుట ఆచారము. కంప్యూటరుకు ఆ మర్యాద తెలియదు. అది బిల్లు నంబరును సున్నతో మొదలిడరాదని మాత్రము పట్టుపట్టును.

అయినను మా మనస్సును మిక్కిలి కలవరపెట్టుచున్న విషయమొకటి కలదు. 2017లో జి.ఎస్.టి. నమోదు తొందరలో మన పెద్దలనేకులు తమ ఫోను నంబరునకు బదులు పన్ను పనులు చూచు వ్యక్తి ఫోను నంబరును, అతని ఈమెయిలును ఇచ్చిరి. ఆంగ్లము రాదు, అతడు నమ్మకస్థుడు, మన వీధివాడే. అది ఆనాటికి సహజమే. కాని నేటి పరిస్థితి వేరు. 2025 ఏప్రిల్ 1 నుండి ఈ-వే బిల్లు, ఎలక్ట్రానిక్ బిల్లు పోర్టలులలో ప్రవేశించుటకు సంకేతపదముతో పాటు ఓటీపీ కూడ అందరికి తప్పనిసరియైనది. ఆ ఓటీపీ ఎవరి ఫోనుకు పోవునో ఆ వ్యక్తి చేతిలో మన దుకాణపు తాళము ఉన్నట్లే. శాఖ పంపిన నోటీసు అతనికే చేరును. అతడు ఊరు మారినను, వృత్తి మానినను, మరణించినను మనకు నోటీసు సంగతి తెలియునప్పటికి జవాబు గడువు దాటిపోవును. దురాశాపరుడైనచో మన పేరుతో సరుకు లేని బిల్లులే పుట్టింపగలడు. వానికి సంజాయిషీ చెప్పవలసినది మనమే. గల్లాపెట్టె తాళము మొలత్రాటికి కట్టుకొని నిద్రించిన వంశములవారము, ఈ తాళమును పరుల చేతిలో ఎట్లు విడిచితిమి?

దీనికి ఉపాయము కష్టమైనది కాదు. జి.ఎస్.టి. నమోదులోని ఫోను నంబరు, ఈమెయిలు యజమానివి గాని, ఇంటిలోని కొడుకువి, కోడలివి గాని ఉండునట్లు మార్పించుకొనవలెను. గుమాస్తా బిల్లులు చేయవలసియున్నచో పోర్టలునందు అతని పేర ఉప-వినియోగదారునిగా వేరు ఖాతా తెరువవచ్చును; యజమాని సంకేతపదమును అతనికి ఇయ్యనక్కరలేదు. పన్ను సలహాదారుపై అవిశ్వాసము చూపుమని మేము చెప్పుటలేదు. సజ్జనుడైన సలహాదారు ఈ మార్పునకు తానే తొందరపెట్టును. కోడలి మాట ఊరక చెప్పలేదు. మన ఇండ్లకు వచ్చిన కోడండ్రలో డిగ్రీలు చదివినవారు, కంప్యూటరు ఎరిగినవారు పలువురు కలరు. వారికి కొట్టు లెక్కలు ఒప్పగించుటకు మగవారి సంకోచమే అడ్డము గాని మరేమియు లేదు.

వేల రూపాయల సాఫ్ట్‌వేరు కొనినగాని పని జరుగదని భయపెట్టు అమ్మకందారులు మన బజారులలో తిరుగుచున్నారు. నెలకు కొద్ది బిల్లులే ఉన్నవారికి ప్రభుత్వ సమాచార కేంద్రము వారి ఉచిత పరికరము చాలును.

ఇక భాష. పోర్టలు ఆంగ్లము. నోటీసు ఆంగ్లము, లేదా హిందీ. స్థానిక కార్యాలయపు కరపత్రము వచ్చినచో కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ. ఆ భాషలు మనము మాటలాడుదుము, వానిని గౌరవింతుము. మన పిల్లలు వానిలోనే చదువుచున్నారు. కాని తెలుగు మాత్రమే చదువగల పెద్దలు గల్లాపెట్టె వద్ద ఇంకను కూర్చుండియున్నారు. తాము చదువలేని నిబంధనకు వారు బాధ్యులగుచున్నారు. బిల్లుపై ఉండవలసిన వివరములను చెప్పు 46వ నిబంధన భాషను విధింపలేదు. ముద్రించు బిల్లుపై సరుకు పేరు తెలుగున కూడ వేసికొనుటకు అది అడ్డురాదు. అంతకంటె ముఖ్యమైనది అర్జీ. రాజ్యాంగములోని 350వ అధికరణము ప్రకారము, తన కష్టమును తీర్పుమని ఏ అధికారికైనను కేంద్రములో గాని రాష్ట్రములో గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విజ్ఞప్తి చేసికొను హక్కు ప్రతివానికి కలదు. భాషాల్పసంఖ్యాకుల రక్షణకై 1956లో కేంద్రము వెలువరించిన మెమొరాండము, జిల్లాలో గాని తాలూకాలో గాని పురపాలక సంఘములో గాని ఒక భాషవారు నూటికి 15 నుండి 20 వరకు ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలో కూడ ప్రచురించుట మేలని చెప్పినది. ఆ మాట చెప్పి ఏడు దశాబ్దములాయెను. పన్ను కట్టుమను నోటీసుకంటె ముఖ్యమైన ప్రకటన వర్తకునికి వేరే ఏమున్నది?

మేము కోరునది అధికము కాదు. ఎలక్ట్రానిక్ బిల్లుల నిబంధనలు దేశమంతటికి ఒక్కటే. కనుక తెలుగున ఒక్క చిన్న పుస్తకము ముద్రించినచో అది బళ్లారిలోను, కృష్ణగిరిలోను, రాయగడలోను, భివండిలోను, యానాములోను ఒక్కరీతిగా పనికివచ్చును. అనువాదము ఒకసారి చేసిన చాలును. ఆయా రాష్ట్రముల పన్ను కమీషనరులకును, భాషాల్పసంఖ్యాకుల కమీషనరుకును ఈ విషయమై తెలుగుననే అర్జీలు పంపవలెనని కార్యవర్గమునకు మేము ప్రతిపాదించుచున్నాము. అర్జీపై వేయి సంతకములుండిన మేలు. సంతకము తెలుగున చేయుట మరింత మేలు.

ఈలోగా మన పని మనము చేసికొందము. కంప్యూటరు పని ఎరిగిన యువకులును యువతులును ప్రతి శాఖ నుండి ఇద్దరేసి ముందుకు రావలెను. నెలలో రెండు ఆదివారములు శాఖా కార్యాలయములందు కూర్చుండి, అడిగినవారికి తెలుగున చెప్పవలెను. రుసుము లేదు. సహాయమునకై వచ్చు వర్తకులు జి.ఎస్.టి. నమోదు పత్రము, పాన్ కార్డు, అన్ని కొట్ల వార్షిక రిటర్నుల ప్రతులు, నమోదైన ఫోను వెంట తెచ్చుకొనవలెను. సంకేతపదమును గాని, ఓటీపీని గాని మనవారు ఎవరును అడుగరు. ఎవరైనను అడిగినచో ఇయ్యవలదు.